నాపా: నదికి వీపు పెట్టిన ఊరు మళ్ళీ నది వైపు తిరిగిన కథ (కేస్ స్టడీ)

నేను చేసే పని వరద మోడలింగ్. నది అడ్డకోత కొలతలు (క్రాస్ సెక్షన్లు), వాన లెక్కలు, వంతెనల కొలతలు కంప్యూటర్‌లో పెట్టి, ఎంత నీరొస్తే ఎక్కడిదాకా ఎక్కుతుందో మ్యాపు గీసి ఇవ్వడం. చాలా ఏళ్ళుగా కాలిఫోర్నియాలో ఇదే పని. కొత్త ఊరు ప్రాజెక్టు చేతికొచ్చిన ప్రతిసారీ నేను మళ్ళీ తెరిచి చూసుకునే కేసు ఒకటుంది, నాపా. ఆ ప్రాజెక్టులో నేను పని చేయలేదు. కానీ రిపోర్టులు చదివాను, పదిసార్లకు పైగా వెళ్ళి ఆ గట్ల మీద నడిచాను, అక్కడ నేర్చుకున్నది వేరే ఊళ్ళలో వాడాను, ఒకచోట వాడకపోవడం వల్ల దెబ్బ కూడా తిన్నాను. మన వాళ్ళలో ఇరిగేషన్‌లో, మునిసిపాలిటీల్లో, టౌన్ ప్లానింగ్‌లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

నాపా అంటే ద్రాక్షతోటలు, వైన్ గుర్తొస్తాయి. ఊరు మాత్రం శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన గంట, గంటన్నర దూరంలో, 80 వేల లోపు జనాభాతో ఉండే మామూలు టౌన్. నది సెయింట్ హెలెనా కొండ దగ్గర పుట్టి, సుమారు 88 కిలోమీటర్లు పారి శాన్ పాబ్లో బేలో కలుస్తుంది. డౌన్‌టౌన్ సరిగ్గా దాని ఒడ్డునే ఉంటుంది. అక్కడిదాకా సముద్రపు పోటు వస్తుంది. థర్డ్ స్ట్రీట్ వంతెన మీద నిలబడి కాసేపు చూస్తే ఒక్కోసారి ఆకులు, నురగ పై వైపుకి కొట్టుకుపోతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నది వెనక్కి పారుతోందేమిటా అనిపించింది. ఈ ఆటుపోట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, డిజైన్ మొత్తం తర్వాత దీని చుట్టూనే తిరుగుతుంది.

1986 ఫిబ్రవరిలో వచ్చిన వరదలో ముగ్గురు చనిపోయారు, వేలమంది ఇళ్ళు ఖాళీ చేశారు, 250 ఇళ్ళు పూర్తిగా పోయాయి, ఇంకో రెండున్నర వేల ఇళ్ళు దెబ్బతిన్నాయి. నదిలో నీటిని కొలిచే గేజ్ దగ్గర నమోదైన గరిష్ఠ ప్రవాహం సుమారు 37 వేల క్యూసెక్కులు. మన లెక్కకి ఇదేపాటిది! ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరికే 3.97 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు. నేను విజయవాడ మనిషిని కాబట్టి ఆ అంకె చూసి మొదట తేలిగ్గానే తీసుకున్నాను. కానీ వరదకి అంకె ముఖ్యం కాదు, ఆ నీరు పట్టడానికి నదికి ఎంత చోటు మిగిల్చాం అన్నదే ముఖ్యం. నాపాలో చోటు మిగల్లేదు. రెండు వైపులా గోదాములు, మిల్లులు, ఆయిల్ ట్యాంకులు, దిగువన చిత్తడి నేలలకి కట్టలు వేసి ఎండగట్టిన పొలాలు, మధ్యలో నీటికి అడ్డుపడే తక్కువ ఎత్తు వంతెనలు. ఈ ఒకటిన్నర శతాబ్దంలో ఆ ఊరు 20కి పైగా వరదలు చూసింది.

వరద ముంచెత్తిన నాలుగు రోజులు అందరికీ కనిపిస్తాయి. మిగతా ఏడాదంతా జరిగే నష్టం ఎవరికీ కనపడదు. డౌన్‌టౌన్‌లో షాపులన్నిటికీ ముఖం రోడ్డు వైపు, వీపు నది వైపు. నది పక్కన చెత్త డబ్బాలు, పార్కింగ్, తాళాలు వేసిన వెనక తలుపులు. ఎవరు పెట్టుబడి పెడతారు? పాత బిల్డింగ్ బాగుచేయాలంటే ఫ్లోర్ ఎత్తు పెంచమని రూలు అడ్డమొస్తుంది, వరద ఇన్సూరెన్స్ ప్రీమియం అడ్డమొస్తుంది, బ్యాంకు అప్పు అడ్డమొస్తుంది. దాంతో టూరిస్టులు వైన్ కోసం వచ్చినా ఊళ్ళో ఆగకుండా ఎగువనున్న యౌంట్‌విల్, సెయింట్ హెలెనా ఊళ్ళకి వెళ్ళిపోయేవారు. డౌన్‌టౌన్ ఎందుకు పడిపోయింది అని అడిగితే జనం మాల్స్ పేరు చెప్తారు, రోడ్ల పేరు చెప్తారు. అవీ ఉన్నాయి. కానీ మూడేళ్ళకో ఆరేళ్ళకో నీళ్ళొచ్చే చోట ఎవరూ కొత్త గోడకి సున్నం కూడా వేయించరు.

పరిష్కారం కోసం ప్రయత్నం 1986తో మొదలుకాలేదు. అమెరికా కాంగ్రెస్ ఇక్కడ వరద ప్రాజెక్టుకి 1965లోనే అనుమతిచ్చింది. వరద పనులు చూసే అమెరికా సైన్యం ఇంజినీరింగ్ విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (క్లుప్తంగా కోర్), ప్లాన్ గీసింది, నదిని లోతుగా తవ్వడం, తిన్నగా చేయడం, గట్లు గట్టిపరచడం. 1976లో ఒకసారి, 1977లో ఇంకోసారి ఊరివాళ్ళు ఓటేసి వద్దన్నారు. ప్రాజెక్టు అటకెక్కింది. 1986 వరద తర్వాత మళ్ళీ దించారు. 1990ల మధ్యలో కోర్ కొత్త ప్లాన్ తెచ్చేసరికి చాలామందికి అది పాతదానికే రంగేసినట్టు అనిపించింది. నది ప్రేమికులు, చేపల శాఖలవాళ్ళు, నీటి నాణ్యత చూసేవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ అభ్యంతరాలు సెంటిమెంటుతో పెట్టినవి కావు, సాంకేతికంగానూ సరైనవే. పోటు వచ్చే నదిని లోతుగా తవ్వితే ఉప్పునీరు ఇంకా పైకి ఎక్కుతుంది. పోటుకి సహజంగా ఉండాల్సిన లోతు దాటి తవ్వితే పూడిక మళ్ళీ వచ్చి నింపేస్తుంది, అంటే ఎప్పటికీ తవ్వుతూనే ఉండాలి, ఆ ఖర్చు స్థానికులదే.

ఇక్కడ జరిగినదాన్నే నేను ఈ కేసుకి ఆయువుపట్టు అంటాను. 1996 నుంచి దాదాపు రెండేళ్ళు అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. కమ్యూనిటీ కొయలిషన్ అన్నారు దాన్ని. కౌంటీ (మన జిల్లా లాంటిది), సిటీ, కోర్, పర్యావరణ శాఖలు, వ్యాపారులు, రైతులు, నది సంఘాలు, మామూలు జనం. కోర్ ఇంజినీర్లు తమ ప్లాన్ సమర్థించుకోవడానికి కాకుండా మార్చుకోవడానికి వచ్చి కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. నది తన రూపాన్ని ఎలా దిద్దుకుంటుందో చదివిన బయటి నిపుణులు (జియోమార్ఫాలజిస్టులు) వచ్చి, ఈ నది తనంతట తానుగా ఉంటే వెడల్పెంత, లోతెంత, వంపులెక్కడ అని లెక్క చూపించారు. ఆ లెక్కకి తగ్గట్టు వంతెనలు, గోడలు, ఊరు సర్దుకోవాలి అన్నారు. దానికి పెట్టిన పేరు ‘లివింగ్ రివర్’. అంటే బతికున్న నది.

తర్వాత డబ్బు. స్థానిక వాటా కోసం 1998 మార్చిలో మెజర్ ఏ అని ఓటింగ్ పెట్టారు. కౌంటీ అంతటా అమ్మకపు పన్ను అర సెంటు పెంచడం, 20 ఏళ్ళపాటు. కాలిఫోర్నియాలో ఇలాంటి ప్రత్యేక పన్నుకి మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి, అంటే 66.7 శాతం. వచ్చింది సుమారు 68 శాతం. అంచు మీద గట్టెక్కింది. ఎలా గెలిచిందో నేను చాలాసార్లు ఆలోచించాను. పన్ను నాపా సిటీ కోసం మాత్రమే అని ఉంటే పైనున్న ఊళ్ళవాళ్ళు ఎందుకు వేస్తారు? అందుకే ఆ ప్రతిపాదనలో ప్రతి ఊరికీ ఏదో ఒక పని రాసిపెట్టారు. సెయింట్ హెలెనాకి దాని వరద పని, యౌంట్‌విల్‌కి దాని కట్ట, మిగతావాళ్ళకి నీటి పనులు. పైగా అమ్మకపు పన్ను కాబట్టి టూరిస్టులు కూడా కొంత కడతారు. మనమొక్కరమే మొయ్యట్లేదు అన్న ధైర్యం జనానికొచ్చింది. మోడలింగ్ చేసే మేం ఇలాంటివి మా పని కాదనుకుంటాం. అది పొరపాటు.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న టౌన్ డౌన్‌టౌన్‌కి వరద ప్లాన్ చేశాం. మోడల్ బాగా వచ్చింది, నేనే నెలల తరబడి దాని మీద కూర్చున్నాను. గోడ ఎత్తు, పొడవు, ఖర్చు, ఎన్ని బిల్డింగులు వరద ముంపు మ్యాపులోంచి బయటపడతాయో అన్నీ రంగురంగుల స్లైడ్లలో పెట్టాం. మీటింగ్‌లో ఒక పెద్దావిడ లేచి, ‘నా షాపు వెనక కిటికీలోంచి నది కనిపిస్తుంది, మీ గోడ వచ్చాక ఏం కనిపిస్తుంది?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. గోడ ఎత్తు డెసిమల్స్‌తో సహా తెలుసు, ఆవిడ కిటికీ ఎత్తు మాత్రం తెలియదు. ఆ ప్లాన్ ఓటింగ్ దాకా కూడా వెళ్ళలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి నాపా రిపోర్టు మళ్ళీ తీశాను. వాళ్ళు రెండేళ్ళు కూర్చున్నది ఇలాంటి కిటికీల గురించే అని అప్పుడు అర్థమైంది.

ఇక డిజైన్. పని 2000లో మొదలైంది. కింది నుంచి పైకి, అంటే దిగువ నుంచి ఎగువకి. ఇది ముఖ్యం, దిగువన నీరు వెళ్ళే దారి చూడకుండా ఎగువన గోడలు కడితే నీటిని ఒకరి ఇంట్లోంచి ఇంకొకరి ఇంట్లోకి తోసినట్టే.

దిగువన పాత కట్టలు తెంచి, వందల ఎకరాల ఎండగట్టిన నేలని మళ్ళీ పోటుకి వదిలేశారు. ఊరి దగ్గరికి వచ్చేసరికి ఒక ఒడ్డున నేలని రెండు మెట్లుగా చెక్కారు. కింది మెట్టు రోజూ పోటుకి తడిసే ఎత్తులో ఉంటుంది, అందులో రెల్లు, తుంగ లాంటివి పెరుగుతాయి. పై మెట్టు పెద్ద వరదకే మునుగుతుంది. మన కృష్ణ, గోదావరి ఒడ్డున లంక భూములు చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. వరదొస్తే మునిగేది, తగ్గితే పచ్చబడేది లంక. నాపావాళ్ళు ఎప్పుడో పోగొట్టుకున్న లంకల్ని మళ్ళీ తవ్వుకున్నారు, అంతే. నది మధ్యలో లోతు పెంచకుండా పక్కన వెడల్పు పెంచారు. వరదనీరు వెడల్పుగా పరుచుకుంటే మట్టం తగ్గుతుంది, మట్టం తగ్గితే గోడ ఎత్తు తగ్గుతుంది, గోడ ఎత్తు తగ్గితే ఆ కిటికీలోంచి నది కనిపిస్తుంది. నా లెక్కలో మొత్తం ప్రాజెక్టు ఈ ఒక్క వరసలో ఉంది. ఆయిల్ ట్యాంకుల వల్ల పాడైన మట్టిని తీసి శుభ్రం చేయడం, ఇళ్ళు, గోదాములు కొని తీసేయడం, వంతెనలు ఎత్తు పెంచి మళ్ళీ కట్టడం, టూరిస్టుల్ని తిప్పే వైన్ ట్రైన్ పట్టాలు జరిపి పైకెత్తడం, అన్నీ దీని కోసమే.

డౌన్‌టౌన్‌లో మాత్రం చోటు లేదు. పాత మిల్లు దగ్గర్నుంచి ఫస్ట్ స్ట్రీట్ దాకా పశ్చిమ ఒడ్డున వరద గోడలే కట్టారు. కానీ ఆ గోడని నడకదారిగా మార్చారు. వెటరన్స్ పార్కు దగ్గర మెట్లు నది వైపుకి దిగుతాయి, మన ఘాట్ లాగా, సాయంత్రం జనం కూర్చుంటారు. గోడ అంటే పక్కన నడవడానికి పనికొచ్చేదిగా ఉండాలి అన్నది అక్కడ కాళ్ళకే తెలుస్తుంది.

ఆ పైన నది ఒక పెద్ద వంపు తిరుగుతుంది. దాన్నే ఆక్స్‌బో అంటారు. వరదప్పుడు నీరు ఆ వంపు చుట్టూ తిరగలేక వెనక్కి తన్నుతుంది, పైనున్న వీధులు మునుగుతాయి. కాబట్టి వంపు మెడ దగ్గర ఒక అడ్డదారి తవ్వారు. మామూలు రోజుల్లో నీరు వంపు గుండానే పోవాలి, లేకపోతే వంపు పూడిపోతుంది, చేపలకీ దారి ఉండదు. అందుకే అడ్డదారి మొదలయ్యే చోట నది అడుగు కంటే ఎత్తుగా కాంక్రీటు గడప లాంటిది పెట్టారు. నది ఆ గడప దాటితేనే నీరు అటు పోతుంది. మిగతా రోజుల్లో అది పొడి నేల. ఈ బైపాస్ 2015లో పూర్తయింది, పొడిగా ఉన్నప్పుడు అదే ఆక్స్‌బో కామన్స్ అనే పార్కు.

నేను ఆ గడప మీద నిలబడి చూశాను. ఒక పక్క నది, రెండు మూడు మనుషుల లోతు కింద, ఇంకో పక్క గడ్డి, కుక్కల్ని తిప్పుతున్న జనం, బంతాట ఆడుతున్న పిల్లలు. 2017 జనవరి వానలకి ఆ గడ్డి మీద నది పారింది. నీరు దిగిపోయిన తర్వాత వెళ్తే కాంక్రీటు గోడ మీద బురద గీత నా భుజం కంటే పైన ఉంది, వేలితో గీస్తే ఇంకా తడిగానే ఉంది. మునిసిపాలిటీవాళ్ళు పారలతో, చిన్న మెషిన్లతో ఒండ్రు ఎత్తుతున్నారు. అక్కడికి రెండు వీధుల అవతల కాఫీ షాపు తెరిచే ఉంది. నేను వెళ్ళి కాఫీ తాగి అలా చాలాసేపు కూర్చుండిపోయాను. మోడల్లో ఈ దృశ్యం ఎన్నోసార్లు చూసి ఉంటాను, నీలం రంగు ఒక గీత దగ్గర ఆగిపోవడం. ఆ గీతకి ఇవతల తలుపు తెరిచి ఉన్న షాపులో కూర్చోవడం వేరు.

మధ్యలో దెబ్బలు లేవని కాదు. 2005 డిసెంబర్ 31న, పని సగంలో ఉండగానే, పెద్ద వరదొచ్చి డౌన్‌టౌన్ మళ్ళీ మునిగింది. ఏడేళ్ళుగా పన్ను కడుతున్న జనానికి ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి. ఫెడరల్ డబ్బు ఏటా కొంచెం కొంచెంగా వచ్చేది, ఒక్కో ఏడాది చాలా తక్కువ. ఖర్చు మొదట వేసిన అంచనా దాటి చాలా పెరిగింది. నా వృత్తిలోవాళ్ళకి ఇక్కడో మాట. దిగువ నుంచి ఎగువకి కట్టడం సరైనదే, కానీ దానర్థం డౌన్‌టౌన్‌కి రక్షణ చివర్లో వస్తుంది. ఆ సంగతి ఓటు అడిగేరోజే జనానికి చెప్పాలి.

డౌన్‌టౌన్‌కి ఏం జరిగింది? గోడలు పూర్తిగా లేవకముందే డబ్బు రావడం మొదలైంది. ఓటు గెలిచిన కొద్ది కాలానికే, 2000లో, పాత మిల్లు భవనంలో హోటల్ తెరిచారు. 1880లో మొదటిసారి తెరిచిన ఒపెరా హౌస్ బాగుచేసి మళ్ళీ తెరిచారు. 2007 చివర్లో వంపు దగ్గర ఆక్స్‌బో పబ్లిక్ మార్కెట్ వచ్చింది. తర్వాత నది పక్కన ఇళ్ళూ షాపులూ కలిసిన భవనాలు, కొత్త హోటళ్ళు, 2013 నుంచి దాదాపు ఏటా పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్. షాపులకి నది వైపు కూడా తలుపులు పెట్టారు. కోపియా అనే ఆహార, వైన్ మ్యూజియం మాత్రం 2001లో ఘనంగా తెరిచి 2008లో మూతపడింది. వరద భయం తగ్గించినంత మాత్రాన వ్యాపారం నడవదు అని అది గుర్తుచేస్తుంది. 2014 ఆగస్టు 24న 6.0 తీవ్రతతో భూకంపం వచ్చి పాత ఇటుక భవనాల్ని బాగా దెబ్బతీసింది. అయినా వాటిలో చాలావాటిని బాగుచేశారు. 1986 వరద తర్వాతి రోజుల్లో అయితే అన్ని పాత భవనాలకి అంత డబ్బు పోసేవాళ్ళా? నాకు అనుమానమే.

ఇంకోటి దాచకుండా చెప్పాలి. ఊరు బాగుపడితే అద్దెలు పెరుగుతాయి. నదికి చోటు కోసం తీసేసిన ఇళ్ళలో ఉన్నది డబ్బున్నవాళ్ళు కాదు. పరిహారం ఇచ్చారు, వేరేచోటికి వెళ్ళడానికి సాయం చేశారు, కానీ ఇప్పుడా నడకదారి పక్కన రాత్రికి వందల డాలర్లు పెట్టి గది తీసుకునేవాళ్ళలో వాళ్ళు లేరు. ఇప్పుడు నేను ఏ ప్లాన్ మొదలుపెట్టినా, లేచిపోయేవాళ్ళకి అదే ఊళ్ళో ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్న మొదటి నెలలోనే అడుగుతున్నాను.

ఇక మా ఊరు విజయవాడ సంగతి, ఎందుకంటే ఈ కేసు నాకు అక్కడే గుచ్చుకుంటుంది. 2009 అక్టోబర్‌లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు మా పిన్ని వాళ్ళు కృష్ణలంకలో ఉండేవాళ్ళు. బీరువా కింద ఇటుకలు పెట్టి, బియ్యం డబ్బా అటక మీదకి ఎక్కించి, తాళం వేసి మా ఇంటికొచ్చేశారు. తర్వాత దశలవారీగా అక్కడ రిటైనింగ్ వాల్ కట్టారు. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2009 కంటే ఎక్కువ. గోడ ఆపింది. ఫోన్ చేస్తే పిన్ని, ‘మాకేం కాలేదురా, నీళ్ళు గోడ దగ్గరే ఆగాయి, కానీ సింగ్‌నగర్‌లో మీ బాబాయి వాళ్ళ అక్కయ్య మేడ మీదే ఉంది, కింద మనిషి లోతు నీళ్ళు’ అంది. అది కృష్ణ కాదు. ఊరి వెనక నుంచి వచ్చే, గండ్లు పడ్డ బుడమేరు వాగు.

నాపాలో కూడా వరదనీరు వచ్చే సరిగ్గా ఇలాంటి రెండో దారి ఉంది. నాపా క్రీక్ అని ఒక వాగు పడమటి కొండల నుంచి వచ్చి డౌన్‌టౌన్ మధ్యలో నదిలో కలుస్తుంది. నదికి మాత్రమే గోడలు కట్టి వదిలేస్తే వాగు లోపలి నుంచి ముంచేది. అందుకే వాగుని అదే ప్రాజెక్టులో, అదే పన్నులో, అదే మ్యాపులో పెట్టారు. దాని ఒడ్లు వెడల్పు చేసి, వంపుల దగ్గర నేల కింద నుంచి పక్కదారి కల్వర్టులు వేశారు. మా ఊళ్ళో కృష్ణ ఒక ఫైల్లో, బుడమేరు ఇంకో ఫైల్లో, వాననీటి డ్రైనేజీ మూడో ఫైల్లో ఉంటాయి. నీళ్ళు వచ్చేది మాత్రం ఒకే వీధిలోకి.

మెజర్ ఏ పన్ను 2018లో ముగిసింది. బైపాస్‌కి పైనున్న ముక్కలో గోడలు అప్పటికింకా మిగిలే ఉన్నాయి. పోయినసారి వెళ్ళినప్పుడు బైపాస్ నుంచి లింకన్ అవెన్యూ దాకా ఒడ్డు పట్టుకుని నడిచాను. డౌన్‌టౌన్‌లో ఉన్న నడకదారి అక్కడ లేదు, కంచెలు, పాత పెరళ్ళు, నది వైపు మూసేసిన తలుపులు. ఒక ఇంటి వెనక గోడ మీద ఎవరో పెయింట్‌తో 1986 అని రాసి, దాని కింద ఒక గీత గీశారు. నేను టేపు తీసి కొలిచి, నోట్‌బుక్‌లో రాసుకున్నాను.